ఇనుము రుచి

మన్సూరాబాద్,
28 ఆగస్టు 2011

చిరంజీవి మౌనికకు మేనమామ గోపయ్య ఆశీస్సులు.

నువ్వు గోవా నుంచి పంపిన సీసాలన్నీ పగలకుండా చేరాయి. గోవా ప్రైవేటు బస్సు డ్రైవర్ కృష్ణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆపి, చీరల మూటని చెప్పి నా చేతిలో పెట్టాడు. మూట గలగలమందట. నాకు వినపడలేదు గాని పక్కనున్నాయన అదేమిటని అడిగితే గాజులని చెప్పాను.

మూటలో ఉత్తరం కూడా పెట్టినందుకు సంతోషం. రిటైరయ్యేదాకా ఊరందరి ఉత్తరాలు మోశాను, నా పేరు మీద వచ్చినవి మాత్రం కరెంటు బిల్లులే. ఫోన్ నాకు పనికిరాదని నీకు తెలుసు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది దారిలో ఉంది. మరీ అవసరమైతే పక్కింటి సాంబమూర్తి గారికి ఫోన్ చెయ్యి. ఆయన వచ్చి నా ముఖం ముందు నిలబడి గొంతు చించుకుని చెబుతాడు. మిగతాదంతా ఉత్తరంలోనే. ఉత్తరమంటే నేను పుస్తకం భాషే రాస్తాను. నోటి భాష నోటికి, కాగితం భాష కాగితానికి. మా అక్క పోయాక నిన్ను తెచ్చుకుని అక్షరాలు దిద్దించినప్పుడూ నీకదే చెప్పాను.

ఇక నీ పని సంగతి. దసరాకు మీ హోటల్లో మన తిండి పండుగ పెడుతున్నారని, ఏ కూర పక్కన ఏ వైన్ పొయ్యాలో నువ్వే తేల్చాలని, అది నెగ్గితే నీ ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని రాశావు. అక్కడ మన కూరలు తెలిసినవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ నేను వండి, తిని, తాగి, రాయాలి. ఇంత కష్టమైన డ్యూటీ సర్కారు కూడా నాకు వెయ్యలేదు.

మొన్న పుంటికూర మటన్ వండి నీ ఎర్ర వైన్ పోసుకున్నాను. కోడలా, వాటి మధ్య ఉన్నది పొత్తు కాదు, పాలివాళ్ల పగ. కారం మీద అది పడగానే మంట రెండింతలయింది. ఆకు పులుపు దాన్ని కషాయం చేసి పెట్టింది. సాంబమూర్తి గారి భార్య కోటేశ్వరమ్మ గారు గోంగూర పచ్చడి ఇస్తే దానితోనూ చూశాను. ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్లు గోంగూర అన్నా మనం పుంటికూర అన్నా ఆకు ఒకటే కదా, అదే గతి పట్టింది. చివరికి జానయ్య సైకిల్ మీద తెచ్చే సీసా కల్లు తాగితే గాని నాలుక నెమ్మదించలేదు. మన ఊళ్లో చెట్టు కల్లు పుల్లగా ఉండేది, ఈ సీసా కల్లు తియ్యగా ఉంటుంది. మీ అత్త అండాలమ్మ పోయినప్పటి నుంచి సాయంత్రం అది పడనిదే నాకు నిద్ర రాదు.

నీ ఒంట్లో బాగుందా? ఉత్తరం చివర అక్షరాలు వాలిపోయాయి. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే పెన్ను బాగా ఒత్తినట్టు తెలిసింది. దిగులుగా ఉన్నప్పుడే నువ్వు అలా ఒత్తుతావు. దస్తూరి నా దగ్గర అబద్ధం ఆడదు.

నీ మామ,
గోపయ్య

---

గోవా,
4 సెప్టెంబర్ 2011

మామా,

పాలివాళ్ల పగ అన్న మాట చదివి కడుపుబ్బ నవ్వాను. మా షెఫ్‌కు హిందీలో చెబితే ఆయన కూడా నవ్వి, మీ మామకే ఉద్యోగం ఇద్దామన్నాడు.

నువ్వు రాసింది అక్షరాలా నిజం. మా పనిలో అన్నిటికంటే కష్టమైనవి మన కూరలే. ఎర్ర వైన్‌లో ఒగరు ఉంటుంది, అది కారాన్ని రెచ్చగొడుతుంది. పులుపు కూర పక్కన అంతకంటే పుల్లటి వైన్ ఉండాలి, లేకపోతే వైన్ చప్పబడిపోతుంది. కారానికి కొంచెం తీపి ఉన్నది కావాలి. పుంటికూరలో కారం, పులుపు రెండూ ఉంటాయి కదా, అందుకే అందరూ చేతులెత్తేశారు. పచ్చ మూత సీసా పుల్లటిది, పసుపు మూతది తియ్యటిది. ఈసారి వాటితో చూడు. చేపలకు మాత్రం ఎర్రది పొయ్యకు, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుందని పుస్తకాల్లో రాశారు. నిజమో కాదో నువ్వే చెప్పాలి.

ఒక్క మాట వింటావా? సీసా కల్లు తీపికి నీ నాలుక మరిగింది. సాయంత్రం అది తాగే నాలుకకు వైన్‌లో ఉన్న సన్న తీపి అందదు. పండుగ అయ్యేదాకా కల్లు పూర్తిగా మానెయ్యి. తగ్గించడం కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. అత్త బతికుంటే తనే మాన్పించేది. నా మీద ఒట్టు పెట్టుకున్నావనుకో.

దిగులేమీ లేదు మామా. పనెక్కువై నిలబడి రాశాను, అంతే. ఇది నెగ్గాలి. నెగ్గకపోతే మళ్లీ ట్రేలు మోయాలి.

నీ కోడలు పిల్ల,
మౌనిక

---

మన్సూరాబాద్,
16 సెప్టెంబర్ 2011

చిరంజీవి మౌనికకు,

నీ ఒట్టు నెత్తిన పెట్టుకున్నాను. వినాయకుడిని నిమజ్జనానికి పంపిన రోజే కల్లుకు కూడా నిమజ్జనం చేశాను. జానయ్య గుమ్మంలో సైకిల్ ఆపితే వద్దని పంపేశాను. వాడు తల గోక్కుని, "పోస్టు సారూ, ఎకాయెకి మానొద్దు. జర జర తగ్గించాలె" అన్నాడు. బేరం పోతుందని వాడి బాధ. కల్లు అమ్మేవాడు కల్లు మానెయ్యమంటాడా?

మంగళవారం నుంచి సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బస్సులు కూడా ఆగుతాయంటున్నారు. తెలంగాణ వచ్చేదాకా లేచేది లేదని ఎల్బీనగర్ చౌరస్తాలో వంటలు కూడా రోడ్డు మీదే చేస్తున్నారు. నేనూ పోయి కాసేపు కూర్చుని వచ్చాను. సాంబమూర్తి గారు మూసారాంబాగ్‌లో ఉన్న మందుల షాపు సగం షట్టర్ దించి నడుపుతున్నాడు. మావాళ్లేమైనా అన్నారా అని నేను అడిగితే, ఇంతవరకు అనలేదు గాని వాళ్లావిడే ఊరికి పోదామంటోందని చెప్పాడు.

ఏమీ తోచక మన పోస్టాఫీసుకు పోయాను. టపా ఆలస్యంగా వస్తోందట. కొత్త కుర్రవాడు ఒక ఉత్తరం తీసుకునే మనిషి లేడని మూలకు విసిరేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. తీసుకునే మనిషి లేని ఉత్తరాన్ని పారెయ్యకూడదు, రాసినవాళ్లకే తిరిగి చేర్చాలి. నా సర్వీసులో ఒక్కటి కూడా దారి తప్పలేదు.

నీ పరీక్షల ఫలితాలు. పచ్చిపులుసు పక్కన పచ్చ మూత: పాస్. పుంటికూర మటన్ పక్కన పసుపు మూత: మొదటి క్లాసు. ముందు తీపి తగిలింది, తర్వాత ఆకు పులుపు వచ్చింది, కారం వెనక నిలబడి చూస్తూ ఊరుకుంది. కోటేశ్వరమ్మ గారికి ఒక చెంచాడు ఇస్తే ముక్కు మూసుకుని తాగి, పర్వాలేదండీ అంది. ఎండు చేపల పక్కన కావాలనే ఎర్రది పోసుకున్నాను. నిజమే, నోటి నిండా ఇనుమే. పొద్దున లేచేసరికి కూడా పోలేదు.

తినేటప్పుడు చెమట బాగా పడుతోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. నిద్ర కూడా దూరమైంది. వైన్‌తో ఇలా ఉంటుందా?

నీ మామ,
గోపయ్య

---

గోవా,
20 సెప్టెంబర్ 2011

మామా,

నువ్వు బంగారం. పుంటికూర మటన్, పసుపు మూత జోడీని షెఫ్ రుచి చూశాడు. నేను వండితే కూర అంతంతమాత్రంగానే వచ్చింది, అయినా ఆయన గ్లాసు కింద పెట్టకుండా రెండోసారి అడిగాడు. మెనూలో మొదటిది అదే.

ఇనుము రుచి దొరికిందని చదివి ఎగిరి గంతేశాను. పుస్తకంలో ఉన్నది నీ నాలుక మీద రుజువైంది. ఆ రుచి ఎంతసేపు ఉంటోంది, దేనితో పోతోంది, ఇంకా ఏ కూరలతో వస్తోంది, అన్నీ రాయి. చెమట గురించి భయపడకు. కారం, వైన్ కలిస్తే ఒళ్లు వేడెక్కుతుంది. వణుకు అలవాటు లేకపోవడం వల్లనే. నిద్ర సంగతికొస్తే, కల్లు మానినవాళ్లకు నాలుగు రోజులు అలాగే ఉంటుందని ఇక్కడ మావాళ్లు కూడా అన్నారు. ఓర్చుకో.

హైదరాబాద్‌లో బస్సులు ఆగిపోయాయని టీవీలో చూశాను. నువ్వు గుంపుల్లోకి పోకు. కాళ్లు మొండికేసే వయసులో నీకు ఉద్యమం ఎందుకని అనను గాని, పండుగ అయ్యేదాకా జాగ్రత్తగా ఉండు.

నీ కోడలు పిల్ల,
మౌనిక

---

మన్సూరాబాద్,
25 సెప్టెంబర్

మౌనికా,

నీ ఉత్తరం అందింది. ఇనుము ఏ కూరలతో వస్తోందని అడిగావు. అన్నిటితో వస్తోంది. మజ్జిగన్నం తిన్నా ఇనుమే. మంచినీళ్లు తాగినా ఇనుమే. వైన్ ముట్టుకోని రోజు కూడా వచ్చింది. ఇది రాసుకో.

నిద్ర లేదు. గోడ అవతల మాటలు వినపడుతున్నాయి. గోడ అవతలంటే సాంబమూర్తి ఇల్లే. ముందు గుసగుసలు, తర్వాత నా పేరు. మొగుడూ పెళ్లాం కాదు, ఇంకా మంది ఉన్నారు. ఇల్లు ఎవరిదో తేల్చాలంటున్నారు. కిరాయి ఇంట్లో ఉన్నవాడినే గాని నేను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి, నన్ను ఎవడు తేలుస్తడు?

కరెంటు పోతున్నది. పోయినప్పుడు మూలమీది స్తంభం కింద మనుషులు నిలబడుతున్నరు. పగలు గూడ నిలబడుతున్నరు. చేతులల్ల పొగ. నేను కిటికీ తీస్తే ఉండరు, మూస్తే మళ్ల వస్తరు. పోలీసులో, వాళ్ల మనుషులో తెలుస్తలేదు.

కోటేశ్వరమ్మ గోంగూర పంపింది. చేదుగున్నది. ఏం గలిపిందో. పిల్లికి పెడితే అది గూడ ముట్టలే.

సాంబమూర్తి ఫోనుకు చెయ్యకు. వాడు చేసినా ఎత్తకు. వాడు నీకు మంచిగనే చెప్తడు. వాని మాట నమ్మకు. నీ దస్తూరి తప్ప నేను దేన్నీ నమ్మ.

రెండు సీసాలు మిగిలినయి. డ్యూటీ ఆపను.

గోపయ్య

---

గోవా,
29 సెప్టెంబర్ 2011

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు కాగితం మీద నోటి భాష రాయడం నా ఎరుకలో ఇదే మొదటిసారి. అంత కోపం వచ్చే పని వాళ్లు ఏదో చేసే ఉంటారు.

చిన్నప్పుడు కోటేశ్వరమ్మ పిన్ని వాళ్లింట్లోనే నేను సగం అన్నాలు తిన్నాను. వాళ్లు అలాంటివాళ్లని అనుకోలేదు. కానీ మా స్టాఫ్ రూమ్‌లో కూడా ఇదే గొడవ. నెల్లూరు అతనూ, కరీంనగర్ అతనూ మొన్నటిదాకా ఒకే కంచంలో తిన్నారు, ఇప్పుడు వేరే బల్లల మీద కూర్చుంటున్నారు. రోజులు అలా ఉన్నాయి. సాంబమూర్తి గారి నంబరు నుంచి నిన్న ఫోన్ వచ్చింది, ఈ రోజు రెండుసార్లు వచ్చింది. నువ్వు వద్దన్నావని ఎత్తలేదు.

నేను చెప్పినట్టు చెయ్యి. వాళ్లింటి నుంచి ఏది వచ్చినా తినకు. లోపల గడియ పెట్టుకో. ఎవరు పిలిచినా, ఎంత మంచిగా పిలిచినా తలుపు తియ్యకు. పండుగ తొమ్మిదో తేదీతో అయిపోతుంది. ఆ రాత్రి బస్సుకే నేను బయలుదేరి వస్తాను. నేను వచ్చి పిలిచేదాకా, లేదా నా చేత్తో రాసిన కాగితం నీకు అందేదాకా, తలుపు తియ్యకు.

మజ్జిగన్నంతో ఇనుము రావడం నాకు అర్థం కాలేదు. పుస్తకంలో ఎక్కడా లేదు. సీసా బిరడా పాడైందేమో, మిగిలిన రెండూ పారబొయ్యి.

నీ మౌనిక

---

మన్సూరాబాద్,
5 అక్టోబర్ 2011

అమ్మా మౌనికా,

నేను పక్కింటి సాంబమూర్తిని. నీకు వారం రోజుల నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. పనిలో ఉండి ఎత్తలేదనుకున్నాను. ఎందుకు ఎత్తలేదో నిన్న తెలిసింది. హోటల్ నంబరుకు చేస్తే పండుగ హడావుడి, కబురు చెబుతామన్నారు. అందుకే ఈ ఉత్తరం డ్రైవర్ కృష్ణ చేతికిచ్చి పంపుతున్నాను.

మీ మావయ్యకి బాగాలేదు. పోయిన నెల నుంచే మనిషి తేడాగా ఉన్నాడు. మా గోడకేసి చూస్తూ తనలో తను మాట్లాడుకోవడం, ఎండలో నిలబడి స్తంభం కింద ఎవరినో కేకలెయ్యడం. మేము గోడ అవతల ఆయన గురించి గుసగుసలాడుతున్నామంటాడు. గుమ్మంలో బిందె పడ్డా వినపడని మనిషి కదమ్మా, గుసగుసలు ఎలా వినపడతాయి? మా ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చింది.

మా షాపుకు వచ్చే డాక్టరు గారిని బతిమాలి తీసుకొచ్చాను. అంతా విని ఆయన, ఈయన ఏం తాగుతున్నాడని కాదు, ఏం మానేశాడో చెప్పమన్నారు. అప్పుడు జానయ్యను పిలిపించాం. వాడు తల దించుకుని, "మా కల్లుల నిద్ర మందు కలుస్తది సార్. ఒకటేసారి మానితే పిచ్చి లేస్తది. ఎకాయెకి మానొద్దని సారుకు ముందే చెప్పిన, ఇనలే" అన్నాడు. చెట్టు కల్లు మానితే ఏమీ కాదట. ఈ సీసా కల్లు ఏళ్ల తరబడి తాగి ఒక్కసారి ఆపితే వణుకు, చెమటలు, నోట్లో ఇనుము రుచి, లేని మనుషులు కనపడటం, చివరికి ఫిట్సు వస్తాయట. ఆసుపత్రిలో పెట్టి మందులతో మెల్లగా దించాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నారు.

తీసుకెళ్దామంటే సోమవారం నుంచి లోపల గడియ పెట్టుకున్నాడు. నన్ను చూస్తే మరీ భయపడుతున్నాడు. మా ఆవిడ కిటికీ అద్దం ముందు నిలబడి ఏడుస్తూ చేతులతో పిలిస్తే, "మా కోడలు మీ ఫోన్ ఎత్తలే. తలుపు తియ్యొద్దని రాసింది. ఆమె చేత్తో రాసిన కాగితం తెస్తేనే తీస్త" అన్నాడు. కాలనీ కుర్రాళ్లు తలుపు పగలగొడదామని వచ్చారు. ఉద్యమంలో ముందుండేది వాళ్లే, నాతో కలిసి తలుపు దగ్గర కూర్చున్నారు కూడా. కానీ పక్కన కిరోసిన్ డబ్బా ఉందని, తలుపు మీద చెయ్యేస్తే ఒంటి మీద పోసుకుంటానని అన్నాడు. పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటున్న ఈ రోజుల్లో ఆ మాట విని ఎవరు ముందుకు వెళ్తారు? తలుపు కింద నుంచి నీళ్ల పాకెట్లూ మందు బిళ్లలూ తోస్తే వెనక్కి తోసేస్తున్నాడు.

నువ్వు రాసిన దానికి మాకు కోపం లేదు. దూరాన ఉండి నువ్వు మాత్రం ఏం చేస్తావు. ఫోన్‌లో చెప్పినా, కాగితం జిరాక్సు తీసి పంపినా ఆయన నమ్మడు, వెనక్కి తిప్పి తడిమి చూస్తాడు. నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపు. వీలైతే నువ్వే రా.

సాంబమూర్తి

---

జహీరాబాద్ దగ్గర, కృష్ణ బస్సులో,
7 అక్టోబర్ 2011

మామా,

ఇది నేనే రాస్తున్నాను. వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడు. ఇంత గట్టిగా నేనెప్పుడూ ఒత్తలేదు.

తలుపు తియ్యి. వద్దని రాసిన చేత్తోనే తియ్యమని రాస్తున్నాను. బయట ఉన్నది సాంబమూర్తి బాబాయి, కోటేశ్వరమ్మ పిన్ని. ఆ గోంగూరలో ఏమీ కలపలేదు. నీకు వినపడుతున్నవాళ్లు ఎవరూ లేరు. నీ నోట్లో ఇనుము చేపలదీ కాదు, వైన్‌దీ కాదు. అది నీ ఒంట్లో జబ్బు, నేను దాన్ని రుచి అనుకుని ఇంకా రాయమని అడిగాను. డబ్బా దూరంగా పెట్టు. బాబాయి ఏ మందు ఇస్తే అది మింగు. జానయ్య కల్లు తెచ్చినా తాగు, నా ఒట్టు తీసేశాను.

పండుగ వదిలేసి వచ్చాను. షెఫ్ మళ్లీ రావద్దన్నాడు, రానులే. నువ్వు కుదిర్చిన జోడీ మాత్రం మొదటి రోజే అందరూ అడిగారు. అది నీకు ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ముందు రాస్తారోకో. లారీలు అడ్డం పెట్టారు, టైర్లు కాలుతున్నాయి. కృష్ణ దిగి వెళ్లి చేతులు జోడించి అడుగుతున్నాడు. వాళ్లలో ఒకాయన విని, "బస్సును ఇడుస్తే అన్నీ ఇడువాలె చెల్లే. కాగితం ఇయ్యి, నేను బండి మీద తీస్కపోత" అన్నాడు. ఆయన నాకంటే ముందే చేరతాడు. బాబాయి దీన్ని తలుపు కింద నుంచి తోస్తాడు. ఇది నా దస్తూరే.

తలుపు తియ్యి మామా.

మౌనిక

సంతకం పెట్టాక బాబాయి ఫోన్ వచ్చింది. ఈసారి ఎత్తాను. పొద్దుటి నుంచి లోపల చప్పుడు లేదని తలుపు పగలగొట్టారట. డబ్బా మూత కూడా తియ్యలేదట. నువ్వు తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నావట, ఒళ్లు అప్పటికే చల్లబడిందట. నా ఉత్తరం నీ చొక్కా జేబులో ఉందట.

బండాయన వచ్చి కాగితం అడిగాడు. ఇవ్వలేదు. తీసుకునే మనిషి లేని ఉత్తరం రాసినవాళ్లకే చేరాలని నువ్వే చెప్పావు. మడిచి నా దగ్గరే పెట్టుకున్నాను.